2025–26 వార్షిక నివేదిక: ఈ ఏడాది సోమాలియా తీరం

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికో తీరాన్ని తీసుకుని చదవాలన్నది మన సంఘం పెట్టుకున్న పద్ధతి. ఈసారి సోమాలియా అనగానే సమావేశంలో నవ్వులు వినిపించాయి. "సముద్రపు దొంగల గురించా?" అని ఒకరు అడిగేశారు కూడా. ఓడ ఉద్యోగాలు చేసే పిల్లలున్న ఇళ్లు విశాఖలో చాలానే ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నను తప్పుపట్టలేం. అయితే దొంగల అడ్డాగా పేపర్లలో మారుమోగిన ఎయిల్ అనే ఊరు అసలు బెదెన్ అనే నాటు చేపల పడవల ఊరు. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోయాక కాపలా లేని ఆ తీరం మీద విదేశీ ట్రాలర్లు పడి చేపలు ఊడ్చుకుపోయాయి. దోపిడీలకు అదొక్కటే కారణమని నేను అనను. డబ్బు రుచి చూసి చేరినవాళ్లూ ఉన్నారు. కానీ అది వేటగాళ్ల ఊరన్న ముక్క మాత్రం మన దాకా రాలేదు.

బెదెన్ సన్నగా, పొడుగ్గా ఉండే పడవ. వెనక నిలువు దూలం బాగా ఎత్తుగా లేచి ఉంటుంది, దానికి పెద్ద చుక్కాని. వేటకు వెళ్లేది బెదెన్ సెయద్, సరుకు మోసేది బెదెన్ సఫర్. రెండోది మొదటిదానికన్నా పెద్దది, 15 మీటర్లు దాటుతుంది. సోమాలియా ఈశాన్య కొసనున్న హాఫూన్ ప్రాంతంలో, ముఖ్యంగా బైలాలో, వీటిని కట్టేవారు. పలకలను ఇనుప మేకులతో కొట్టరు, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. పైఅంచు బల్లను మాత్రం చెక్క మేకులతో బిగిస్తారు.

ఇది విన్నాక మన తీరపు మసులా కుట్టు పడవ గుర్తుకు రాకుండా ఉంటుందా? అందుకే ఒక ఆదివారం భీమిలి దగ్గర, ఒకప్పుడు ఈ పడవలు కుట్టిన ఒక పెద్దాయన చేత రెండు పాత బల్లలు కుట్టించాం. ఈ ఏడాది జరిగినవాటిలో నాకు నచ్చిన కార్యక్రమం ఇదే. బల్లల అంచుల వెంట బెజ్జాలు పెట్టి, అతుకు మీద పీచు పేర్చి, దాని మీదుగా తాడు అటూ ఇటూ దాటించారు. తాడు కొసను చిన్న కర్రకు చుట్టి, బల్లను కాలితో తన్నిపట్టి, వెనక్కి వాలి లాగారు. బెజ్జంలోకి పీచు ముక్క కూరి, సుత్తితో తట్టి, అప్పుడు గానీ తాడు వదల్లేదు. మేకుల పడవ అలల్లో ఒడ్డు తగిలితే పగులుతుందని, కుట్టు పడవ కాస్త ఒదిగి మళ్లీ సర్దుకుంటుందని ఆయన వివరించారు. మన కుర్రాళ్లు ఒక్క కుట్టు వేసి చేతులు ఊదుకున్నారు.

నెలవారీ చదువుల్లో రెండు పాత రచనలు చూశాం. ఒకటి మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల మార్గదర్శిని, పెరిప్లస్. అందులో హాఫూన్ పేరు ఒపోనె, బెర్బెరా పేరు మలావో. మన పశ్చిమ తీరం నుంచి ఆ రేవులకు బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు బట్టలు వెళ్లేవని రాశారు. అదే పుస్తకంలో సన్నని బట్టలకు పేరుపడ్డ మసాలియా కూడా ఉంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని పండితులు ఎక్కువమంది అంటారు.

రెండోది మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాసింది. 1331లో జైలా రేవులో చేపల కంపు, వీధుల్లో కోసిన ఒంటెల నెత్తురు భరించలేక, సముద్రం పోటెత్తుతున్నా ఆ రాత్రి ఓడలోనే పడుకున్నాడట. మొగదిషులో మాత్రం మర్యాద వేరు. ఓడ రాగానే కుర్రాళ్లు చిన్న పడవల్లో భోజనం పళ్లేలతో ఎదురొచ్చి, తలా ఒక వర్తకుణ్ణి మా అతిథి అని పట్టుకెళ్లేవారు. తర్వాత ఆయనకు వడ్డించింది నేతి అన్నం, మామిడి, పచ్చి అల్లం, నిమ్మకాయ ఊరగాయ. చదువుతున్నప్పుడు హాల్లో అందరికీ ఆకలేసింది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలికి సోమాలియా సముద్రం మూతపడుతుంది, పడవలు ఒడ్డెక్కుతాయి. మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపమని ప్రభుత్వం చెబుతుంది, వాళ్లకు ఆ మాట గాలే చెబుతుంది.

డిసెంబర్ 26న సునామీ మీద ప్రసంగం జరిగింది. 2004లో ఆ ఉదయం మన మంగినపూడిని తాకిన సముద్రమే, కొన్ని గంటలకు హాఫూన్‌ను ముంచేసింది. సోమాలియాలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న ఊరు అది. ఇప్పుడు అక్కడా, ఇక్కడా ఫైబర్ బోటు, ఇంజినే. వేటగాళ్లను తప్పుపట్టలేం, కుట్టు పడవను ఏటా చూసుకునే ఓపిక, తీరిక ఎవరికుంది?

2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరిన కుట్టు ఓడ కౌండిన్య వీడియో కూడా ప్రదర్శించాం. దాన్ని కుట్టింది కేరళ పనివాళ్లు. అంటే పని తెలిసిన చేతులు ఉంటే ఓడ మళ్లీ వస్తుంది. అందుకే వచ్చే ఏడాది డబ్బును బొమ్మ పడవ కొనడానికి కాకుండా, మన తీరంలో మిగిలిన కుట్టుపనివాళ్లను వీడియో తీయడానికి వాడాలని కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, వాళ్ల అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాశాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంచుతారు. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు కట్టేయండి. బాకీ ఉంటే ఓటు ఉండదన్న నియమాన్ని ఈసారి సడలించడం లేదు.

కార్యదర్శి