రెండు బాటిళ్ల నీళ్లు తాగిండు, మరి పిక్కలెందుకు పట్టినయ్?

అమ్మలకు, నాయినలకు నమస్తే,

ఒంటిపూట బడులు షురూ అయినయ్, మన హన్మకొండల ఎండ పది గంటలకే మంట పెడుతున్నది, అందుకే ఈసారి పరీక్షల సంగతి పక్కకు పెట్టి ఒక్క ముచ్చటే రాస్తున్న, మొత్తం చదవండి.

మొన్న శుక్రవారం కబడ్డీ ప్రాక్టీస్ అయినంక ఎనిమిదో తరగతి బాబు గ్రౌండ్‌లనే కూలబడ్డడు. కాలు పట్టుకొని చూస్తే పిక్క రాయి లెక్క గట్టిగైంది, చర్మం కింద కండ దానంతటదే అదురుతున్నది. "రెండు బాటిళ్లు తాగిన సార్" అన్నడు, నేను ఇంకో బాటిల్ తాపిన. కాసేపటికి వాంతి, తలనొప్పి. చెమటల నీళ్లే కాదు ఉప్పు గూడ పోయింది, ఉత్త నీళ్లు మీదికెళ్లి పోసి మిగిలిన ఉప్పును మీరే పల్చగ చేసిన్రు అని డాక్టర్ చెప్తే నాకు మస్తు బాధైంది. బాబు ఇప్పుడు మంచిగున్నడు.

రక్తంల సోడియం, అంటే ఉప్పుల ఉండేదే, లీటరుకు 135 నుంచి 145 మిల్లీ ఈక్వివలెంట్లు (ల్యాబ్ రిపోర్టుల రాసే కొలత) ఉండాలె, పొటాషియం 3.5 నుంచి 5. నరం కండకు కబురు పంపాలంటే సోడియం కణంలకు పోవాలె, పొటాషియం బయటికి రావాలె, ఆ రాకపోకలతోనే కరెంటు పుడతది, లెక్క తప్పితే కబురు గూడ తప్పుతది. సోడియం బాగ పడిపోతే నీళ్లు మెదడు కణాలల్లకు పోయి అవి ఉబ్బుతయ్, పుర్రెల జాగ ఉండదు గదా, అందుకే తలనొప్పి, వాంతులు, తికమకగ మాట్లాడుడు, ఆఖరికి ఫిట్స్. విరేచనాలల్ల పొటాషియం పోతే కాళ్లల్ల సత్తువ ఉండదు, గుండె కొట్టుకునుడు గూడ గాడి తప్పొచ్చు. కాల్షియం తగ్గితే మూతి చుట్టూ, వేళ్ల కొసలకు తిమ్మిర్లు.

ఇగ ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లకెళ్లి పోయిన నీళ్లు, ఉప్పులు తిరిగి వచ్చేతందుకు నీళ్లల్ల కలిపి తాపే పొడి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు, ప్యాకెట్ మీద రాసే ఉంటది. పెద్ద ప్యాకెట్ల సగం పొడిని ఒక్క గ్లాసు నీళ్లల్ల కలిపి తాపుతున్నరు కొందరు, అట్ల చేస్తే ఉప్పు ఎక్కువై ఇంకో ప్రమాదం. అండ్ల చక్కెర రుచి కోసం కాదు, పేగులల్ల గ్లూకోజ్ ఎంబడే సోడియం లోపలికి పోతది. డబ్బా జ్యూసులు ఓఆర్‌ఎస్ కావు, ఆ పేరు వాటి మీద వాడొద్దని తిండి వస్తువుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌ల ఆర్డర్ ఇచ్చింది, దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏండ్ల సంది కొట్లాడిన్రు.

ఆటలున్న రోజు పిల్లగాండ్లకు ఉప్పేసిన పల్చటి సల్ల గాని నిమ్మకాయ నీళ్లు గాని పంపండి, పొద్దుగాల జొన్న అంబలి తాగొస్తే ఇంకా మంచిది. కిడ్నీ, గుండె సమస్యలున్న పిల్లలైతే డాక్టర్‌ను అడిగినంకనే. వాంతులు ఆగకున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకున్నా, పిలిస్తే సక్కగ పలకకున్నా 108కి ఫోన్ చేయండి, సక్కగ పలకని పిల్లకు మాత్రం నోట్ల ఏం పోయొద్దు.

శనివారం పొద్దున 9 గంటలకు ఓఆర్‌ఎస్ ఎట్ల కలపాలో స్టాఫ్‌రూమ్‌ల చూపిస్తం, ఇంట్ల వాడే గ్లాసు ఒకటి పట్టుకొని రండి, అండ్ల ఎన్ని నీళ్లు పడతయో కొలిచి చూద్దాం.

మీ హెడ్‌మాస్టర్