కొత్త యంత్రాలు కొనేముందు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక ల్యాబ్ టెక్నీషియన్ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. వ్యాధి నిర్ధారణ కోసం ఆధునిక యంత్రాలు కొనాలన్న మీ ఆలోచనను, వాటితో రోజూ పనిచేసేవాడిగా మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. క్షయ పరీక్షనే చూడండి. కఫాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి క్రిమిని గుర్తించాలంటే మిల్లీలీటరుకు సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్న రోగి ‘నెగెటివ్’ రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. కల్చర్ చేస్తే, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూస్తే, తెలిసేదే గానీ, అందుకు వారాలు పట్టేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష, క్రిమి డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచి వెతుకుతుంది కనుక, కొద్దిపాటి క్రిములనూ పట్టుకుని, క్షయకు వాడే రిఫాంపిసిన్ మందుకు అవి లొంగుతాయో లేదో కూడా దాదాపు రెండు గంటల్లో చెప్పేస్తుంది.

అయితే ల్యాబుల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం, శాంపిల్ యంత్రంలోకి వెళ్లకముందే జరిగిపోతాయి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే వాటిలోని పొటాషియం బయటకు వచ్చి, ఆరోగ్యవంతుడి రిపోర్టులోనూ ఆందోళన కలిగించే అంకె కనిపిస్తుంది. ఊదారంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ రసాయనం వేసిన ట్యూబులోని రక్తం పొరపాటున మరో ట్యూబులో కలిస్తే పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు వస్తుంది. ఎంత ఖరీదైన ఎనలైజరైనా తనకు అందిన రక్తాన్నే కొలుస్తుంది; ఆ రక్తం ఎవరిదో దానికి తెలియదు. రోగి పక్కనే ట్యూబుకు బార్‌కోడ్ అంటించడం, చితికిన శాంపిల్‌ను యంత్రమే గుర్తించి హెచ్చరించడం వంటి ఏర్పాట్లు ప్రారంభోత్సవ ఫొటోలకు అంతగా పనికిరావేమో గానీ, తప్పుడు రిపోర్టులను ఆపేవి అవే.

స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేనివారిని కూడా పిలిచి పరీక్షించడం, విషయంలో ఒక లెక్క మీ దృష్టికి తేవాలి. వెయ్యి మందిలో ఒకరికి మాత్రమే ఉండే జబ్బు కోసం లక్ష మందిని పరీక్షిస్తున్నామనుకుందాం. జబ్బున్నవారినీ లేనివారినీ 99 శాతం సరిగ్గా గుర్తించే పరీక్ష, నిజంగా జబ్బున్న 100 మందిలో 99 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 99,900 మందిలో 999 మందికి కూడా ‘పాజిటివ్’ అని చెబుతుంది. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి 11 మందిలో 10 మందికి ఆ జబ్బు లేనే లేదు. ఇది పరీక్షలోని లోపం కాదు, జబ్బు అరుదుగా ఉండటం వల్ల వచ్చే ఫలితం. అందుకే మొదటి పరీక్షకు ఎంత మందిని పిలుస్తారో ప్రకటించేటప్పుడే, వేరే పద్ధతిలో జరిగే నిర్ధారణ పరీక్షకు నిధులు, సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారో కూడా చెప్పాలి.

ఎక్స్‌రేలను చదివే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కూ ఇదే జాగ్రత్త అవసరం. క్షయ స్క్రీనింగ్‌లో 15 ఏళ్లు, ఆపై వయసున్నవారికి దాన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. కానీ అది ఎక్స్‌రేకు ఇచ్చే స్కోరు ఎంత దాటితే జబ్బును అనుమానించాలన్న హద్దును, వాడబోయే చోటి రోగుల ఫలితాలతో సరిచూసి నిర్ణయించకపోతే, కేసులు జారిపోవడమో అనవసరపు పరీక్షలు పెరగడమో తప్పదు.

కనుక నా విన్నపం ఇది. ప్రతి యంత్రం కొనుగోలు ఒప్పందంలోనే కాలిబ్రేషన్ (యంత్రం కొలతను సరిచేయడం), రీఏజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు), రోజూ నడపాల్సిన కంట్రోల్ శాంపిళ్ల (ఫలితం ముందే తెలిసిన శాంపిళ్ల) ఖర్చును, బయటి సంస్థ ఫలితం చెప్పకుండా పంపే శాంపిళ్లతో నాణ్యతను సరిచూసే ఏర్పాటును చేర్చండి. ఉదయం కంట్రోల్ ఫలితం హద్దు దాటినప్పుడు, బయట ఎంత పెద్ద వరుస ఉన్నా, రిపోర్టులు ఆపే అధికారం టెక్నీషియన్‌కు ఉందని రాతపూర్వకంగా ఉత్తర్వులు ఇప్పించండి.

భవదీయుడు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్