నడక సంఘం వార్షిక నివేదిక: పడిన బాటలు, వేసిన బాటలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పని చెప్పాలంటే, ఆదివారం పొద్దున్నే నడిచాం, నడిచిన ఫుట్‌పాత్‌లను టేపు పట్టుకుని కొలిచాం, నెలకోసారి కూర్చుని వాటి చరిత్ర చదువుకున్నాం. జమాఖర్చులు కోశాధికారిగారు సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదం తీసుకున్నారు కాబట్టి మళ్లీ రాయడం లేదు.

మొదటి సమావేశంలోనే మాట దగ్గర పెద్ద చర్చ నడిచింది. ఫుట్‌పాత్ అంటే మనకు రోడ్డు పక్కన రాళ్లు పరిచిన గట్టు. ఇంగ్లండు చట్టంలో మాత్రం పొలాల మధ్యగానో కొండల మీదుగానో పోయే, జనానికి నడిచే హక్కున్న కాలిదారిని ఫుట్‌పాత్ అంటారు, రోడ్డు పక్కన ఉండేది ఫుట్‌వే. మన కాలిబాట అన్న మాటలో రెండూ ఇమిడిపోతాయి. ఇంకో సంగతి చూడండి, తెలుగులో బాట వేశారు అంటాం, బాట పడింది అని కూడా అంటాం. మొదటిది ఎవరో పూనుకుని వేసేది, రెండోది నలుగురూ నడవగా నడవగా తనంతట తాను పడేది. ఏడాదంతా మనం మాట్లాడుకున్నది ఈ రెండింటి గురించే.

వేసిన బాటల్లో బాగా పాతది ఇంగ్లండులోని సోమర్సెట్ చిత్తడి నేలల్లో దొరికిన స్వీట్ ట్రాక్. అది 1970లో బయటపడింది. అందులోని దుంగల్లో ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలు లెక్కపెట్టి ఆ చెట్లను క్రీ.పూ. 3807-3806 మధ్య నరికారని తేల్చారు. రెల్లు, బురద మీదుగా దాదాపు 2 కిలోమీటర్లు ఓక్ పలకలు పేర్చుకుంటూ పోయారు, కాళ్లు తడవకుండా అవతలికి వెళ్లడానికి! ఇక క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద మునిగిన ఇటలీ నగరం పాంపేలో వీధికి రెండు పక్కలా ఎత్తయిన కాలిబాటలున్నాయి. దాటాల్సిన చోట ఆ ఎత్తుకే పెద్ద పెద్ద బండలు నాటారు, బండి చక్రాలు పోయేలా మధ్యలో సందులు వదిలారు. అంటే అక్కడ నడిచే మనిషి కిందికి దిగక్కర్లేదు.

ఈ బండల ఫొటోలు చూశాకే మన కొలతల పని మొదలైంది. చేతికర్రతో నడిచే మన పెద్దాయన ఒకరితో కలిసి అరగంట నడిచాం, ఆయన రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీశాం. స్తంభం ఒకచోట, మూత లేని కాలువ ఇంకోచోట, అన్నిటికన్నా ఎక్కువగా ఎవరి గేటు ముందు వాళ్లు కట్టుకున్న ర్యాంపులు. దిగేముందు ఆయన ప్రతిసారీ ఆగి, కర్ర కింద ఆనించి, ఎడమకాలు ముందు దించి, వెనక్కి తిరిగి బండి ఏదైనా వస్తోందేమో చూసుకునేవారు. సుద్దముక్క అయిపోయింది గానీ వీధి అవ్వలేదు. లండన్‌లో కూడా ఒకప్పుడు ఎవరి ఇంటి ముందు వాళ్లే రాళ్లు పరుచుకోవాలి కాబట్టి ఎత్తుపల్లాలు తప్పేవి కావట, 1762లో వెస్ట్‌మినిస్టర్ పేవింగ్ చట్టం తెచ్చి ఆ పనిని కమిషనర్లకు అప్పగించాకే వీధి దారిన పడింది. మనం కూడా ఇంటింటికీ వెళ్లి బతిమాలడం మానేసి, మొత్తం వీధిని ఒకే మట్టానికి తెమ్మని అర్జీ పెట్టాం.

ఇంకో చోట చూపులేని వాళ్ల కోసం వేసిన పసుపు పలకలు తిన్నగా వెళ్లి ఒక స్తంభానికి తగులుతున్నాయి. ఆ పలకలను 1965లో జపాన్‌లో సేయిచి మియాకే తయారుచేశారు, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వేశారు. పొడవు గీతలుంటే నడవొచ్చని, బొడిపెలుంటే ఆగమని అర్థం. పాదం చదువుకునే అక్షరాలవి, వాటిని అందం కోసం వేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. దీని మీద విడిగా ఇంకో అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు, మళ్లీ వెళ్తాం.

పడిన బాట సంగతికొస్తే, గుట్ట వెనక మనం ఏళ్ల తరబడి నడుస్తున్న అడ్డదారికి ఈ వేసవిలో కంచె వేశారు. మనసు చివుక్కుమంది. అక్కడ దారి ఉందనడానికి మన దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ఇంగ్లండులో సరిగ్గా ఇదే బాధతో 1826లో మాంచెస్టర్‌లో పాత కాలిదారుల్ని కాపాడేందుకు ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో ఇద్దరు మేజిస్ట్రేట్లు అక్కర్లేదని సంతకం పెడితే దారి మూసేయొచ్చు. తర్వాత 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ కొండ మీదికి, స్థలం యజమానులు పెట్టిన నిషేధాన్ని కాదని నడిచారు, వాళ్లలో అయిదుగురు జైలుకి వెళ్లారు. 1949లో వచ్చిన చట్టంతో ఊళ్లవారీగా కాలిదారులన్నీ మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలైంది. ఆ కొండల దగ్గరే మొదలయ్యే పెన్నైన్ వే అనే పొడవాటి నడకదారిని 1965లో మళ్లీ ఏప్రిల్ 24నే తెరిచారు. అక్కడి 1980 రహదారుల చట్టం ప్రకారం ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరూ ఆపకుండా, బాహాటంగా 20 ఏళ్లు జనం నడిచిన దారి సాధారణంగా జనానికి చెందినట్టే లెక్క. నడవడమే రుజువు! మరి ఇన్నేళ్లూ మనం నడిచాం గానీ ఎక్కడా రాసుకోలేదు, నాకు ఈ ఏడాది అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

అందుకే వచ్చే ఏడాది మొదటి పని ఆ దారి గురించి సాక్ష్యాలు పోగుచేయడం. మన చట్టం ఏమంటుందో న్యాయవాది చూస్తున్నారు, స్థలం వాళ్లతో మాటలు సామరస్యంగానే జరుగుతున్నాయి, ఎవరూ తొందరపడి కంచె ముట్టుకోవద్దు. ఆ దారిలో మీరు మొదటిసారి ఏ సంవత్సరంలో నడిచారు, ఎక్కడికి వెళ్లడానికి నడిచారు, పక్కన ఎవరున్నారు, గుర్తున్నంత వరకూ ఒక కాగితం మీద మీ చేతిరాతతో రాసి, సంతకం పెట్టి కార్యదర్శికి ఇవ్వండి. పాత ఫొటోల్లో వెనకాల ఆ దారి కనిపిస్తే అవి కూడా తీసుకురండి. ఇంట్లో పెద్దవాళ్లు రాయలేకపోతే మీరే పక్కన కూర్చుని అడిగి రాయండి, వాళ్లదగ్గరున్న సంవత్సరాలు మనకంటే ఎక్కువ.