ముక్కనుమ రాత్రి హెడ్‌లైట్లు వేసిన అన్నయ్యగారికి

రాత్రి రెండింటికి పడుకున్నాను, అయిదింటికల్లా మెలకువొచ్చేసింది. పిక్కలు రాళ్ళయిపోయాయి. అయినా థాంక్స్ ఇప్పుడే రాసేస్తున్నాను. రేపు రాస్తే కుదురుగా, మర్యాదగా రాస్తాను, అది నాకిష్టం లేదు.

మా ఊరి తుఫాను షెల్టర్ 1996 నవంబరు తుఫాను తర్వాత కట్టింది. పైన గదులు, కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఆ జాగాలోనే మా కాలక్షేపం. మొదలుపెట్టినప్పుడు నలుగురు మామ్మగార్లు, ఒక వామనగుంటల పీట, అంతే. ఇప్పుడు ముప్ఫైమంది పైనే వస్తున్నారు. ఒక వార అష్టాచెమ్మా, ఇంకో వార పెద్దాయనల పులిజూదం (దెబ్బలాట లేని రోజు లేదు), పిల్లలకి క్యారమ్స్, మంగళ, శుక్రవారాలు కోలాటం. ఏడాదయింది కదా, పండక్కి ఏదైనా చేద్దామనుకున్నాం. కనుమనాడు సగం ఊరు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతుంది, అందుకని ముక్కనుమ పెట్టుకున్నాం.

అసలు ఆట జడకోలాటం. పైన దూలానికి కొక్కెం, దానికి పదహారు రంగుల తాళ్ళు, పట్టుకోడానికి పదహారుమంది ఆడవాళ్ళు. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు తిరుగుతూ, ఒకరి తాడు మీంచి, తర్వాతివారి తాడు కిందనుంచి దూరుతుంటే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. అల్లడం సగం పనే. అవే అడుగులు వెనక్కి వేసుకుంటూ విప్పాలి. ఒక్కరు తడబడితే ముడే. మూడు నెలలు సాధన చేశాం. ఆకుపచ్చ తాడు పట్టుకున్న పిన్నిగారు కువైట్‌లో ఉన్న కూతురికి వీడియోలో చూపించమని ముందే నా ఫోను అడిగి పెట్టుకున్నారు.

జడ నడుం దాకా దిగింది. కరెంటు పోయింది.

చిమ్మచీకటి. పదహారుమందీ ఎక్కడివాళ్ళు అక్కడే, చేతుల్లో తాళ్ళు. ఎవరూ వదల్లేదు. వదిలితే మళ్ళీ ఏ తాడు ఎవరిదో తేలదు. ఫోన్ లైట్లు వేశారు గానీ, అవి మొహాలకే తప్ప కాళ్ళకి అందవు. సరిగ్గా అప్పుడు రోడ్డు మీద ఒక మినీ వ్యాన్ ఆగింది. అంబాజీపేటలో కొబ్బరికాయలు దింపి ఖాళీగా తిరిగెళ్తున్నారట. పెద్దరోడ్డు పండగ జనంతో నిండిపోతే ఇటు తిప్పారు. "లాకుల మీంచి దారి పోద్దాండీ?" అని అడగబోయి, లోపల తాళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళని చూశారు. ఇంకేం అడగలేదు. బండి వెనక్కి తీసి, ముందుకి తిప్పి, స్తంభాల మధ్యలోంచి హెడ్‌లైట్లు సూటిగా పడేలా పెట్టారు.

ఇంజను మోతలో పాట వినపడట్లేదని ఎవరో అన్నారు. వెంటనే ఆపేశారు. లైట్లు అలాగే ఉంచేశారు. మైకు లేదు, డెబ్బై దాటిన మామ్మగారు గొంతెత్తి పాట అందుకున్నారు. నీడలు గోడంత పొడుగు. పదహారుమందీ వెనకడుగుల మీద ఆ జడని విప్పుకుంటూ వచ్చారు. ఒక్క ముడి పడలేదు. మళ్ళీ మొదటినుంచి అల్లారు కూడా!

కరెంటొచ్చింది, భోజనాలయ్యాయి, జనం వెళ్ళిపోయారు. అప్పుడు చూస్తే బండి స్టార్ట్ అవ్వదు. బ్యాటరీ మొత్తం మా కోలాటానికే అయిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వేసి, "పర్లేదండి, తోసేవాళ్ళు దొరక్కపోతారా" అన్నారు. అయిదొందలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నారు. పులిహోర మాత్రం తిన్నారు. తిని, "ఉప్పు ఒక్క పిసరు తగ్గిందండి" అన్నారు. తగ్గింది, నిజమే.

తోసేవాళ్ళని పిలవడానికి మా ఆయన వెళ్ళారు. నేను మెట్టు మీద కూలబడ్డాను. తెల్లవారుజామున నాలుగు నుంచీ కాళ్ళ మీదే ఉన్నాను. కాసేపటికి పంపు దగ్గర చప్పుడు. చూస్తే ఆ మనిషి లుంగీ ఎగ్గట్టి, పులిహోర గుండిగ బోర్లించి, కొబ్బరిపీచుకి బూడిద అద్దుకుని తోముతున్నారు. "అయ్యో, అన్నయ్యగారూ, మీరెందుకు" అని లేవబోయాను. "కూకోండమ్మా, తెల్లారేదాకా ఎండితే మరి వదలదు" అన్నారు, తల కూడా ఎత్తకుండా. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. రోజంతా ఇంతమంది మెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టారు, నా కళ్ళు చెమర్చలేదు. ఆ గుండిగ దగ్గర మాత్రం చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన ఏమీ చూడనట్టు మూతలు కూడా తోమేశారు.

పేరు అడిగితే "పేరెందుకండీ" అన్నారు. గళ్ళ తువ్వాలు పంపు దగ్గరే మర్చిపోయారు. ఉతికి ఆరేశాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆయన తెలిస్తే చెప్పండి.

మా ఆయన, అత్తగారు, పిల్లలు సరేసరి.

ఒక మాట అనకుండా ఉండలేను. నాలుగు కిలోమీటర్ల అవతల కోడిపందేల బరికి మూడు రోజులు జనరేటర్లు, ఫ్లడ్‌లైట్లు, పట్టపగల్లా ఉంది. షెల్టర్ పై గది తాళం కోసం మేం మూడు అర్జీలు పెట్టాం. "పైవాళ్ళు చెప్పాలి" అంటారు. ఆ పైవాళ్ళెవరో ఇంతవరకు కనపడలేదు. ఆ గదిలో పిల్లల కోసం వచ్చిన వాలీబాల్ నెట్ ఉంది, కిటికీలోంచి కనపడుతుంది, ఎలకలు కొరికేశాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసలు కడుతున్నాం. మా మామ్మగార్లకి చదివి వినిపించడానికి రోజూ ఒక పేపరు వేయించమంటే దానికీ అర్జీయే. సర్లెండి, పండగపూట ఎందుకు.

అయ్యో, నిచ్చెన ఇచ్చి, తాళ్ళు కట్టిన కొబ్బరి దింపే తమ్ముడిని మర్చిపోయాను. ఆయన లేకపోతే ఆ కొక్కెమే లేదు. గుండిగ ఇచ్చిన రామాలయం కమిటీవారికి, అర్ధరాత్రి నిద్రలేచొచ్చి కాలవగట్టు దాకా బండి తోసిన అయిదుగురు కుర్రాళ్ళకి కూడా. అరటాకులు పంపిన అక్కగారూ, మీకూను.

ఇంకోటి. అద్దె కుర్చీలు నూట ఇరవైకి నూట పందొమ్మిదే లెక్కకొచ్చాయి. ఎవరింటి అరుగు మీదైనా ఉంటే సాయంత్రంలోపు పంపేయండి, బండి వచ్చేస్తుంది.