ఎలియోపొలిస్ వీధిలో ఒక రాత్రి

సావో పాలో

ఒరే రవీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకోకు. ఉద్యోగం బాగానే ఉంది, అమ్మకి బీపీ తగ్గిందట, బ్రెజిల్ వాళ్ల పోర్చుగీసు కాస్త నోరు తిరుగుతోంది. మిగతా కబుర్లు తర్వాత. శనివారం రాత్రి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా ఆఫీసు కుర్రాడొకడిది ఎలియోపొలిస్, ఇక్కడి పెద్ద ఫవేలా, అంటే పేదల బస్తీ. "మా వీధి పాట వినకుండా ఈ ఊళ్లో ఉన్నానంటే ఎలా?" అని లాక్కెళ్లాడు. అర్ధరాత్రి దాటింది, వీధి నిండా జనం. టికెట్ లేదు, గేటు లేదు, కప్పు లేదు. ఇలాంటి వీధి పార్టీని ఫ్లుక్సు అంటారు. కార్ల డిక్కీలు ఎత్తితే లోపల స్పీకర్లే స్పీకర్లు. గోడలా పేర్చిన ఆ సరంజామా పేరు పరెదావ్. నిమజ్జనం డీజే బండి ముందు మన గుండెలు అదిరేవి చూడు, అంతకు రెట్టింపురా!

ముందు బేస్ వచ్చింది. స్పీకరు చిరిగిపోయిందేమో అనిపించేంత గరుకు. కావాలనే అలా పగలగొడతారట! పక్క కారు మోతని దాటి వినబడాలిగా. దాని పైన 'తుయిన్', చెవిలో గీమంటూ ఆగకుండా సాగే సన్నటి కూత. ఎమ్సీ, అంటే పాట పాడేవాడి గొంతుని ముక్కలు చేసి, ఒకే ముక్కని మళ్లీ మళ్లీ కొడతారు. ఇదీ మండెలావ్, ఇక్కడి వీధుల ఫంక్ పాట. దీనికి మూలమైన రియో ఫంక్ అనే డాన్సు పాట, అమెరికా వాళ్ల మయామి బేస్ అనే డాన్సు సంగీతం రికార్డుల మీద పెరిగింది. 1989లో డీజే మార్ల్‌బొరో 'ఫంక్ బ్రాజిల్' అనే ఆల్బమ్ వేశాక పోర్చుగీసు పాటలు ఊపందుకున్నాయి. సావో పాలో పిల్లలు అందులో తీపి అంతా తీసేసి ఎముకలే మిగిల్చారు. నాకైతే ఇదే నచ్చింది. డీజే కె 2023లో తెచ్చిన ఆల్బమ్ 'పానికు నో సుబ్‌ముందు' విను. ఉగాండా రికార్డు కంపెనీ న్యేగె న్యేగె టేప్స్ వేసింది. హెడ్‌ఫోన్లో వద్దు, పెద్ద స్పీకర్లో పెట్టు.

ఇంతలో ఎవరో ఈల వేశారు. డిక్కీలు టపటపా మూసుకున్నాయి. వీధి చివర పోలీసు బండి. మావాడు నా రెక్క పట్టుకుని సందులోకి పోనివ్వలేదు, వెడల్పు రోడ్డు వైపే నడిపించాడు. ఎందుకో తర్వాత చెప్పాడు. 2019 డిసెంబరు 1న పరాయిజోపొలిస్ అనే ఇక్కడి మరో ఫవేలాలో, డీజెడ్7 అనే బైలిలోకి, అంటే ఇలాంటి డాన్సు పార్టీలోకి పోలీసులు దిగారు. జనం పరుగెత్తారు. ఇరుకు సందుల్లో ఊపిరాడక 9 మంది చనిపోయారు. అందరూ 14 నుంచి 23 ఏళ్ల వాళ్లే. అది చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది. పాట కోసం వీధికొచ్చిన పిల్లలురా... ఏం రాయాలో తోచట్లేదు.

మళ్లీ ఎక్కడో డిక్కీ తెరుచుకుంది. వాళ్లు ఆపరు! అన్నట్టు, పగిలిన తెర లాప్‌టాప్‌తో పాటలు కలుపుతున్న పిల్లాడి సంగతి చెప్పనేలేదు. పదహారేళ్లు కూడా ఉండవేమో, కానీ వాడి చెయ్యి... అయ్యో, మీటింగ్‌కి పిలుస్తున్నారు. వాడి కథ వచ్చే ఉత్తరంలో. జవాబు రాయి.

నీ
శీను