కడప కబుర్లు చెప్పబోతున్న నా కొడుకుకు

కడప

చిరంజీవికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు మెయిలులో పంపిన నాలుగు పుటలను మీ నాన్న కాగితం మీదికి తీసి ఇస్తే, ప్రూఫులు దిద్దే ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. బెంగుళూరు ఉద్యోగం వదిలి వచ్చి, మన ఊళ్ళో తెరిచే అంగళ్ళు, ఆడే నాటకాలు, జరిగే సభలు, కష్టపడి బతికే కళాకారులు, వీటి గురించి మాత్రమే చెప్పే ఛానెల్ ఒకటి ఫోన్లలో నడపాలని రాశావు. రాజకీయాలూ తగాదాలూ దాని జోలికి రానివ్వనని కూడా రాశావు. ఆ మాట చదివి నాకు చాలా సంతోషం కలిగింది. బయట ఎక్కడికి పోయినా కడప అనగానే ఎదుటివాళ్ళు బాంబుల గురించి అడగడం మనకు అలవాటైపోయింది కాబట్టి, ఈ ఊళ్ళో కుట్టుమిషను తొక్కేవాళ్ళూ హార్మోనియం వాయించేవాళ్ళూ ఉన్నారని చెప్పేవాడొకడు మన ఇంటి నుంచే వస్తే అంతకంటే కావలసింది ఏముంది? డబ్బు లెక్కలు మీ నాన్న వేరుగా రాస్తారు. నేను రాయదలచుకున్నది ముప్పై రెండేళ్ళుగా ప్రెస్సులో ప్రూఫుల బల్ల ముందు కూర్చుని ఈ ఊరి గురించి తెలుసుకున్న సంగతులు.

ఏ వ్యాపారం పుడుతోందో, ఏది కుంటుతోందో పత్రికలవాళ్ళ కంటే ముందు అచ్చు పనివాళ్ళకు తెలుస్తుంది. అంగడి తెరవడానికి పది రోజుల ముందే ఆహ్వానపత్రికలూ కరపత్రాలూ బిల్లు పుస్తకాలూ వేయించుకోవడానికి వస్తారు. ఆరు నెలలు తిరక్కముందే మళ్ళీ పుస్తకాలు కావాలని వచ్చినవాడి అంగడి నిలదొక్కుకున్నట్టు లెక్క. ఎప్పుడూ ఇరవై వేయించుకునేవాడు ఈసారికి ఐదు చాలునంటే మనం ఇంకేమీ అడగనక్కరలేదు. 2004లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడూ, ఆ మరుసటి సంవత్సరం ఊరి పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు మారినప్పుడూ, లెటరుహెడ్లు మార్పించుకోవడానికి వచ్చిన మనుషులతో మన మెట్లు నిండిపోయాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు కొత్త నంబరుతో పుస్తకాలు వేయించుకోవడానికి వచ్చినవారిలో నాకు బాగా తెలిసిన కొన్ని ముఖాలు కనపడలేదు. కనుక్కుంటే, వాళ్ళలో ఇద్దరు అంగళ్ళు ఎత్తేసి కొడుకుల దగ్గరికి వెళ్ళిపోయారని తెలిసింది. ముప్పై నలభై ఏళ్ళు గల్లాపెట్టె ముందు కూర్చున్న మనుషులు వాళ్ళు. వాళ్ళు అంగడి తెరిచిన రోజు రంగు కరపత్రం పంచారు గానీ, మూసిన రోజు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నీ ఛానెల్లో తెరిచిన అంగళ్ళతో పాటు మూసిన అంగళ్ళకు కూడా చోటు పెట్టమని నేను మొదట అడిగేది అందుకే.

నువ్వు రాసిన జాబితాలో పెద్ద బట్టల దుకాణాలు, బంగారు నగల దుకాణాలు, కొత్త హోటళ్ళు ఉన్నాయి. వాళ్ళు నువ్వు పోకపోయినా నిన్ను పిలుస్తారు. పిలవనివాళ్ళ దగ్గరికి నువ్వు పోవాలి. మీ బెంగుళూరులో వంటింటి గట్లకు వేసే నల్లరాయిని అక్కడివాళ్ళు కడప కల్లు అనే అంటారు గదా, కన్నడంలో కల్లంటే రాయి! మన జిల్లా పేరే ఒక సరుకు పేరైంది. ఆ రాయి గని నుంచి ఎలా వస్తుంది, పలకలుగా ఎలా చీలుతుంది, పాలిషు పట్టేవాడి ఊపిరితిత్తుల్లోకి ఎంత దుమ్ము పోతుంది, గ్రానైటూ టైల్సూ వచ్చాక ఆ బేరం ఏమైంది అన్నది ఎవరైనా నిదానంగా చెప్పగా నేను వినలేదు. వై.వి. స్ట్రీటులో రంజాను నెల రాత్రుళ్ళు జరిగే వ్యాపారం అందరికీ కనపడుతుంది గానీ, ఆ నెల కోసం మూడు నెలల ముందు నుంచి నిద్ర మానుకుని బట్టలు కుట్టే దర్జీల ఇళ్ళు ఎవరికీ కనపడవు. అంగళ్ళ పేర్లు కుంచెతో రాసిన ఆర్టిస్టులు ఫ్లెక్సీలు వచ్చాక ఏం పని చేస్తున్నారో కనుక్కో. నువ్వు బడికి పోయే దారిలో నిలబడి చూసేవాడివి, ఆ గోడ మీద 'క' రాసిన చెయ్యి ఇప్పుడు ఒక అపార్టుమెంటు గేటు తీస్తోంది.

ఉర్దూ మాట కూడా చెప్పాలి. ఈ ఊళ్ళో సగం కథ ఉర్దూలో నడుస్తుంది. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు వచ్చి టెంకాయ కొట్టే సంగతి ప్రతి ఏడూ ఫొటోలతో వస్తుంది, రావలసిందే. కానీ పెద్ద దర్గా ఉరుసులో జరిగే ముషాయిరాలో ఏ కవి ఏం చదివాడో తెలుగు చదివేవాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. నీకు ఉర్దూ వినడం వచ్చు, చదవడం రాదు. ఆ లిపి నేర్చుకో, లేదా చదవగలిగిన స్నేహితుడినొకడిని మొదటి రోజు నుంచే పనిలో కలుపుకో. పెళ్ళికార్డు ఉర్దూలో వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు మనం తెలుగు కార్డు మీద పెట్టినంత శ్రద్ధే దాని మీదా పెట్టామా అని చూస్తారు. నీ వార్తల విషయంలోనూ అలాగే చూస్తారు.

ఇప్పుడు రెండు సంఘటనలు చెప్తాను. ఒకటి ఇతరుల తప్పు, రెండవది నాది.

నువ్వు ఇంటరు చదువుతున్న రోజుల్లో ఒక కేబుల్ ఛానెల్‌లో, ఫలానా వీధిలోని పాత పాత్రల దుకాణం మూతపడుతోందని కింద అక్షరాలు పరిగెత్తాయి. ఆ పెద్దాయన అంగడి మూయడం లేదు. గోడలు పాతబడ్డాయని పక్క వీధికి మార్చుకుంటున్నాడు. ఎవరో సామాను ఎత్తుతుంటే చూసి చెప్పారు, ఛానెల్ మనిషి అడగకుండానే వేశాడు. తెల్లవారేసరికి సరుకు అప్పుగా ఇచ్చినవాళ్ళు, చీటీ కట్టినవాళ్ళు అందరూ ఆయన గుమ్మం ముందున్నారు. పదకొండు గంటలకు ఆయన మన ప్రెస్సుకు వచ్చి, చేతులు వణుకుతుండగా, 'అంగడి మూయడం లేదు, మారుస్తున్నాము' అని రెండు వేల కరపత్రాలు వేయమన్నాడు. మీ నాన్న జరుగుతున్న పనిని యంత్రం మీద నుంచి దింపి అది ఎక్కించారు. ఆ కరపత్రాలు ఊరంతా పంచినా, వార్త చూసినవాళ్ళందరికీ అవి చేరలేదు. మన ఊరివంటి ఊళ్ళో వ్యాపారం నడిచేది నమ్మకం మీద, నోటిమాట మీద. కాబట్టి వ్యాపారం గురించి వేసే ఒక్క వాక్యమైనా ఆ యజమాని ఎదుట నిలబడి, అడిగి, అతను చెప్పింది అతనికే తిరిగి చదివి వినిపించిన తర్వాతనే బయటికి పోవాలి.

రెండవది నా చేతి తప్పు. ఉద్యోగాలు చేసుకుంటూ పద్యనాటకాలు ఆడే ఒక బృందం, మూడు నెలలు రాత్రిళ్ళు సాధన చేసి నాటకానికి కరపత్రం వేయించుకుంది. వాళ్ళ రాతలో తేదీ సరిగానే ఉంది, వారం మాత్రం ఆదివారానికి బదులు శనివారమని పడింది. ప్రూఫు చూసింది నేను. ఒత్తులూ దీర్ఘాలూ చూశాను గానీ, తేదీకీ వారానికీ పొంతన కుదిరిందో లేదో చూడలేదు. వారం పేరు గుర్తుపెట్టుకున్నవాళ్ళు శనివారం సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, తాళం వేసిన తలుపు చూసి వెళ్ళిపోయారు. ఆదివారం నాటకానికి నలభై మంది కూడా లేరు. అర్జునుడి వేషం వేసినాయన ఖాళీ కుర్చీల వైపు చూస్తూ ఒక్క పద్యం కూడా తగ్గించకుండా పాడాడు. వెనుక వరుసలో కూర్చుని నేను విన్నాను. తర్వాతి నాటకానికి కరపత్రాలు ఊరికే వేసి ఇచ్చాము గానీ, వాళ్ళకు పోయిన ఆ సాయంత్రాన్ని మనం తిరిగి ఇవ్వలేకపోయాము. ఆనాటి నుంచి ఏ ఆహ్వానమైనా గోడమీది క్యాలెండరులో వేలు పెట్టి చూడనిదే నేను సంతకం చేయడం లేదు.

ఆ నలభై మందిని తలచుకున్నప్పుడల్లా నాకు సురభివాళ్ళు గుర్తుకొస్తారు. మన జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ఆడిన కుటుంబమే తరాల తరబడి నాటకాన్ని వృత్తిగా చేసుకుని, ఆడవేషాలు ఇంటి ఆడవాళ్ళ చేతనే వేయించి, తెలుగు నేలంతా డేరాలు వేసింది. వాళ్ళలో ఎక్కువ మంది ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు. సురభి పుట్టిన జిల్లాలో నాటకం ఎప్పుడో, ఎక్కడో సరిగ్గా చెప్పేవాడు లేక కుర్చీలు ఖాళీగా ఉండడం నాకు బాధగా ఉంటుంది. నీ ఛానెల్ ఇంకేమీ చేయలేకపోయినా, వారం వారం ఏ హాలులో ఏ కార్యక్రమం ఎన్ని గంటలకో తప్పు లేకుండా చెప్పగలిగితే, అదే పెద్ద సేవ. కార్యక్రమం అయ్యాక కూడా వెళ్ళి రాయి. ఎవరికి శాలువా కప్పారో రాయడానికి చాలామంది ఉన్నారు. ఎవరు ఎలా పాడారో, ఏ పద్యం దగ్గర శ్రుతి తప్పిందో, తబలా అతను పాటను ఎక్కడ కాపాడాడో రాసేవాళ్ళు కావాలి.

అలా రాస్తే కోపాలు వస్తాయి. ఇక్కడే నీ ఉత్తరంలో నేను ఎర్ర గీత గీసిన చోటు ఉంది. అంగళ్ళవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని వీడియో చేసి, దాన్ని మిగతా వార్తలతో కలిపి వేస్తానని రాశావు. ప్రకటన తీసుకోవద్దని నేను అనను. మన ఇల్లు గడిచింది అంగళ్ళవాళ్ళ కరపత్రాలతోనే, నీ చదువు ఫీజులు కట్టింది కూడా ఆ డబ్బే. కానీ అది డబ్బు తీసుకుని వేసిన ప్రకటన అని మొదటి క్షణంలోనే, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయాలి. నువ్వు ఒకసారి డబ్బు తీసుకుని ఫలానా హోటల్లో కారం దోసె బాగుందని వార్తలా చెప్పావని తెలిస్తే, తర్వాత నువ్వు ఊరికే మెచ్చుకున్న నాటకాన్ని కూడా ఎవరూ నమ్మరు. నష్టపోయేది ఆ నాటకమువాళ్ళు.

ఈ ఊళ్ళోనే రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1968లో 'సంవేదన' అనే త్రైమాసిక పత్రికను పెట్టారు. పేరున్నవాడని, తెలిసినవాడని చూడకుండా, పుస్తకంలో ఏముందో దాన్నే చూసి విమర్శ రాసిన మనిషి ఆయన. ఆ పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. అయినా తెలుగు విమర్శ గురించి మాట్లాడేవాళ్ళు కడప నుంచి వచ్చిన ఆ కొద్ది సంచికలను ఇప్పటికీ తలుస్తారు. నిన్ను అంత కఠినంగా ఉండమని నేను చెప్పలేను. రేపు పెళ్ళిలో, ఎల్లుండి కూరగాయల అంగట్లో ఎదురుపడే మనుషుల గురించే నువ్వు రాయాలి. అయితే మొహమాటం కోసం లేనిది ఉన్నట్టు రాయవద్దు. మెచ్చుకోలేనప్పుడు ఏం జరిగిందో మాత్రం చెప్పి ఊరుకోవచ్చు.

భాష గురించి ఒక్క మాట. 1963 నుంచి మన ఆకాశవాణి కేంద్రం ఉంది. పొద్దున్నే రేడియోలో మాటను స్పష్టంగా, తొందరపడకుండా పలకడం విని పెరిగినవాళ్ళం మేము. నువ్వు పంపిన నమూనా వీడియోలో వాక్యానికి మూడు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి, ఊరి పేర్లు రెండు తప్పు పలికావు. తీరిక చేసుకుని ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ కేంద్రానికి పో. ఎక్కడో పుట్టిన ఆ బ్రౌన్ దొర తెలుగు నేర్చుకుని ఈ ఊరికి వచ్చి, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, ఒకే పద్యానికి దొరికిన రాతప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన పేరు నిలిపే కేంద్రం కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎన్ని గడపలు ఎక్కి చందాలు అడిగారో మా తరంవాళ్ళకు తెలుసు. అక్కడి పాత పత్రికలు నాలుగు రోజులు తిరగేస్తే, ఈ ఊళ్ళో ఎవరేం చేశారో నీకు నేను చెప్పినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. నువ్వు కొత్తది అనుకుని చెప్పబోయే చాలా సంగతులకు పాత వేళ్ళు అక్కడ కనపడతాయి.

ఆషాఢం వస్తే మన ప్రెస్సులో పని తక్కువ, శ్రావణం శుభలేఖలు మొదలయ్యేదాకా యంత్రం సగం రోజు ఊరికే ఉంటుంది. అప్పుడు రా. కిటికీ పక్కనున్న కంపోజింగు బల్ల మీద పాత సీసపు అక్షరాల కేసులు తీయించి శుభ్రం చేయిస్తాను, నీ కంప్యూటరుకు ఆ చోటు సరిపోతుంది. మొదటి నెల ఏదీ వేయకుండా, మన దగ్గరికి బిల్లు పుస్తకాల కోసం వచ్చేవాళ్ళతో కూర్చుని మాట్లాడు. అద్దె నేను అడగను, మీ నాన్న కరెంటు బిల్లులో సగం అడుగుతారట.

నీ విజిటింగు కార్డుకు ప్రూఫు ఈ ఉత్తరంతో పాటు జతచేశాను. ఫోను నంబరు అంకె అంకె వేలు పెట్టి చూసి, సంతకం చేసి తిప్పి పంపు. సంతకం చేసిన ప్రూఫు వచ్చేదాకా యంత్రం ఎక్కించను.

ఆశీస్సులతో,
అమ్మ