మిల్లు గేటు దగ్గర ఆగిపోతున్న మా వడ్లు

తెలంగాణ పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. యాసంగి కోతలు మొదలైతే చాలు, కొనుగోలు కేంద్రాల మీద ఏటా అవే ఫిర్యాదులు: గన్నీ సంచులు లేవు, లారీలు రావు, హమాలీలు దొరకరు. అధికారులు వచ్చి కేంద్రం నడిపే మహిళా సంఘం వాళ్లను మందలించి పోతారు. అసలు చిక్కు మిల్లు దగ్గరుందని చెప్పడానికే ఒక వరి రైతుగా మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మా కేంద్రంలో లోడు ఎత్తుకుని పోయిన లారీ మళ్లీ కనపడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఫోన్ చేస్తే డ్రైవరు మిల్లు బయట లైన్‌లో ఉన్నానంటాడు. లోపల పోయిన సీజన్ ధాన్యమే ఇంకా కదల్లేదు. మిల్లరు క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సీఎంఆర్ (సర్కారు వడ్లను ఆడించి తిరిగి ఇచ్చే బియ్యం) కింద అప్పగించాలి. గడువు దాటినా అప్పగించని మిల్లర్లు ఉన్న మాట మీకు తెలియనిది కాదు. అప్పగిద్దామన్న మిల్లరుకు కూడా ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాములో జాగా ఉండాలి. పాత నిల్వలు వ్యాగన్లలో వేరే రాష్ట్రాలకు పోతేనే ఆ జాగా. వ్యాగన్ రాకపోతే గోదాము నిండుతుంది, ఆ వెనకే మిల్లు నిండుతుంది, లారీ రోడ్డు మీద నిలబడుతుంది, మా కుప్ప కేంద్రంలోనే ఉండిపోతుంది. తిరిగి రావాల్సిన పాత సంచులూ ఆ మిల్లుల్లోనే ఇరుక్కుంటాయి.

ఈలోగా వాన పడుతుంది. తేమ 17 శాతానికి దింపి, కాంటా పెట్టి, కుట్టేసిన సంచులవి. పైన పరదా కప్పినా కింది నుంచి నీళ్లు పారి అడుగు వరుస సంచుల్లో వడ్లు మొలకెత్తుతాయి. కుట్టు విప్పి, నేల మీద పోసి, ఆరబెట్టి, మళ్లీ కాంటా పెట్టించాలి. ఆ కూలీ అంతా రైతు మీదే.

అన్నిటికన్నా బాధ పెట్టేది తరుగు. లారీ గేటు దగ్గరికి చేరాక మిల్లు నుంచి ఫోన్ వస్తుంది: తాలు ఉంది, సంచికి రెండు కిలోలు తీస్తాం, సరేనంటే దించుకుంటాం. 2025-26లో ‘ఎ’ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన సంచికి దాదాపు 48, వంద సంచులకు 4,800 రూపాయల దాకా పోయినట్టే. వడ్లు లారీలో, లారీ మిల్లు దగ్గర ఉన్నప్పుడు కాదనే ధైర్యం ఏ రైతుకు ఉంటుంది?

అయ్యా, కొనుగోలు కేంద్రంలో ట్రక్ షీటు (లారీకి ఎక్కించిన వడ్ల లెక్క రాసే చీటీ) రాసిన క్షణంతో రైతు బాధ్యత తీరిపోవాలి. ఆ తర్వాత తూకంలో తేడా వస్తే కొనుగోలు కేంద్రం, రవాణా కాంట్రాక్టరు, మిల్లు వాళ్లు తేల్చుకోవాలి. లారీ గేటుకు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు దించారు అన్నది మిల్లు వారీగా రోజూ అందరికీ కనపడేలా పెట్టించండి. కోతలకు ముందే ఏ మిల్లులో ఎంత ఖాళీ ఉందో మీ సిబ్బంది కళ్లతో చూసి, ఆ మేరకే ధాన్యం కేటాయించాలి. మిగతాదానికి మార్కెట్ యార్డుల్లో, అద్దె గోదాముల్లో చోటు చూడాలి. రైల్వే, ఎఫ్‌సీఐ అధికారులతో మార్చిలోనే కూర్చోండి.

గోదాములు కట్టడానికి ఏళ్లు పట్టొచ్చు. ట్రక్ షీటు తర్వాత తరుగు తీయొద్దన్న ఉత్తర్వుకు మీ సంతకం చాలు. ఈ సీజన్ కాంటాలు ముగిసేలోగా ఇవ్వండి.

ఇట్లు,
ఒక వరి రైతు